పప్పుజాతి పైర్లలో పేనుబంకను ఎదిరించే గుణం: తరచుగా అడిగే ప్రశ్నలు

వేరుశనగ వేసే రైతులు, వ్యవసాయ డిగ్రీ చదువుతున్న పిల్లలు, మిద్దె మీద చిక్కుడు పాదు పెట్టుకున్నవాళ్లు ముగ్గురూ పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగు) గురించి అడిగే ప్రశ్నలు చివరికి ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదటి సందేహాలు

పేనుబంక అంటే ఒకే పురుగా? మా అలసంద మీద నల్లగా ఉంటుంది, సోయా మీద పచ్చగా ఉందంటారు.

ఒకటి కాదు. అలసంద (బొబ్బర్లు), వేరుశనగ, చిక్కుడు, అనుముల లేత కొమ్మల మీద గుంపుగా కనిపించే నల్లటి, మెరిసే పేను శాస్త్రీయ నామం ఏఫిస్ క్రాక్సివోరా. సోయా మీద పచ్చగా ఉండేది ఏఫిస్ గ్లైసినిస్. బఠాణీ మీద పొడుగు కాళ్లతో పెద్దగా కనిపించేది వేరు, లూసర్న్ గడ్డి మీద చుక్కలతో ఉండేది ఇంకా వేరు. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, మొక్కలోని నిరోధక గుణం చాలాసార్లు ఒక్క జాతి పేను మీదే పనిచేస్తుంది. సోయాలో పచ్చ పేనును ఆపే జన్యువు నల్లపేనును ఆపుతుందని అనుకోవడానికి లేదు.

మందు కొడితే పోయేదానికి ఇంత పరిశోధన ఎందుకు?

పేను సంతానం పెరిగే తీరు చూస్తే తెలుస్తుంది. మన వాతావరణంలో ఆడపేను మగదానితో పనిలేకుండానే నేరుగా పిల్లలను కంటుంది, గుడ్డు దశ ఉండదు. పుట్టిన పిల్ల కడుపులో అప్పటికే తర్వాతి తరం పెరుగుతుంటుంది. వారం పది రోజుల్లో ఆ పిల్లే తల్లవుతుంది. మందు కొట్టాక ఆకు అడుగున నాలుగు మిగిలినా రెండు వారాల్లో మళ్లీ కొమ్మంతా నలుపే. పైగా ఆ మందుకు అక్షింతల పురుగుల్లాంటి మిత్రపురుగులు ముందు చస్తాయి. విత్తనంలోనే గుణం ఉంటే విత్తిన రోజు నుంచి కోత దాకా అది పనిచేస్తుంది, దానికి కూలీ ఖర్చు, పంపు అద్దె ఉండవు.

"తట్టుకునే రకం" అన్నారు కదా, మరి పేను ఎందుకు కనిపిస్తోంది?

ఈ ఒక్క మాట దగ్గరే సగం గొడవలు వస్తాయి. అమెరికాలో కాన్సాస్‌లో పనిచేసిన రెజినాల్డ్ పెయింటర్ అనే శాస్త్రవేత్త 1951లో పురుగును మొక్క ఎదిరించే పద్ధతులను మూడుగా విడగొట్టాడు. ఒకటి, పురుగుకు ఆ మొక్క నచ్చదు, వాలినా లేచిపోతుంది. రెండు, వాలి తింటుంది గానీ సరిగ్గా పెరగదు, పిల్లలు తగ్గుతాయి, త్వరగా చస్తుంది. మూడు, పురుగు హాయిగా పెరుగుతుంది, అయినా మొక్క ఓర్చుకుని కాపు ఇస్తుంది.

మన తెలుగులో "తట్టుకుంటుంది" అంటే ఈ మూడింటికీ సరిపోతుంది, విత్తన సంచుల మీదా అదే మాట రాస్తారు. కానీ రైతుకు తేడా పెద్దది. మూడో రకం మొక్క తను బాగానే ఉంటుంది, పేనును మాత్రం పెంచి పక్క చేనుకు పంపిస్తుంది. కాబట్టి విత్తనం కొనేటప్పుడు "తట్టుకుంటుందా" అని కాకుండా "పేను తక్కువ పడుతుందా, పడినా దిగుబడి వస్తుందా" అని అడగండి. మొదటి రెండు పద్ధతుల్లోనూ అక్కడక్కడా పేను కనిపించడం మామూలే. గుంపు కట్టి కొమ్మను కమ్మేయకపోతే గుణం పనిచేస్తున్నట్టే.

ఇది బీటీ పత్తి లాంటిదేనా?

కాదు. బీటీలో మట్టిలోని ఒక బ్యాక్టీరియా జన్యువును తెచ్చి మొక్కలో పెట్టారు. ఇక్కడ మాట్లాడుతున్న జన్యువు ఆ మొక్క జాతిలోనే ఎప్పటి నుంచో ఉంది. నాటు రకంలోనో అడవి చుట్టంలోనో ఉన్నదాన్ని మామూలు సంకరంతో సాగు రకంలోకి తెస్తారు. ఇంకో సంగతి, పత్తిలోని బీటీ విషం ఆకు, కాయ కొరికి తినే పురుగుల కోసం. రసం పీల్చే పేనుబంక, పచ్చదోమ బీటీ పత్తి మీద కూడా పడతాయని పత్తి రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

## మొక్క లోపల ఏం జరుగుతుంది

కదలలేని మొక్క పేనును ఎలా ఆపుతుంది?

పేను నోరు వెంట్రుక కన్నా సన్నని సూది. ఆకు పైపొరలో దించి, కణాల మధ్య సందుల్లోంచి నడిపించుకుంటూ, ఆకులో తయారైన చక్కెర రసం ప్రవహించే నాళాన్ని చేరుతుంది. పుస్తకాల్లో పోషక కణజాలం అని చదివుంటారు. ఒకసారి నాళం దొరికితే గంటల తరబడి కదలదు. రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన సరుకు తక్కువ. అందుకే బోలెడంత తాగి, మిగులు తీపిని వెనక నుంచి వదిలేస్తుంది. ఆకులకు అంటుకునే జిగురు, దాని కోసం వచ్చే చీమలు, దాని మీద పెరిగే మసి అన్నీ దీని చలవే. "బంక" అన్న పేరూ అందుకే.

మొక్క ఈ దారిలో ఎక్కడైనా అడ్డం పడొచ్చు. పప్పుజాతికి మాత్రమే ఉన్న ఒక ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది. వీటి నాళాల్లో కదురు ఆకారంలో ఫోరిసోమ్ అనే మాంసకృత్తి ముద్ద ఉంటుంది. నాళానికి గాయమై కాల్షియం లోపలికి వస్తే ఆ ముద్ద క్షణాల్లో ఉబ్బి, బిరడాలా దారి మూసేస్తుంది. పేనూ తక్కువది కాదు. దాని లాలాజలంలో కాల్షియాన్ని పట్టేసుకునే పదార్థాలున్నాయి. వాటితో బిరడాను వదులు చేసుకుని తాగుతుంది. ఈ ఎత్తుకు పైఎత్తులో ఎవరిది పైచేయి అన్నదాన్ని బట్టే మొక్కకు పేను పట్టడం, పట్టకపోవడం చాలావరకు ఉంటుంది.

ఆకుల మీద నూగు ఉంటే పేను పట్టదా?

నూగు ఎలాంటిదన్న దాన్ని బట్టి. రాజ్మా జాతి చిక్కుడు ఆకుల మీద కొక్కెం ఆకారపు వెంట్రుకలుంటాయి, చిన్న పేలు వాటికి చిక్కుకుని చస్తాయి. బాల్కన్ దేశాల్లో పూర్వం రాత్రిపూట మంచం చుట్టూ ఈ ఆకులు పరిచి, తెల్లారాక నల్లులు చిక్కిన ఆకులను కాల్చేసేవాళ్లు. అదే కొక్కెం, అదే పని. అయితే ఉత్త నూగు ఉన్నంత మాత్రాన ధీమా వద్దు. పేను నూగులేని లేత కాడ వెతుక్కుంటుంది.

శనగ ఆకు పుల్లగా ఉంటుంది కదా, ఆ పులుపు పేనును ఆపుతుందా?

ఆ ఆమ్లం కాయతొలుచు పురుగుకు కొంత ఇబ్బంది పెడుతుంది. నల్లపేను మాత్రం శనగ మీద కూడా బతుకుతుంది, వైరస్‌లనూ మోస్తుంది. పులుపును నమ్ముకోవద్దు.

వేరుశనగలో ఏ పదార్థం పనిచేస్తుంది?

నిరోధకత ఉన్న ఈసీ 36892 అనే వేరుశనగ వరుస (విడిగా నంబరు ఇచ్చి కాపాడుకునే విత్తన వంశం) మీద 1990ల మొదట్లో పరిశోధన జరిగింది. దాని ఆకు కాడల్లో ప్రోసయనిడిన్ అనే వగరు పదార్థం ఎక్కువగా ఉన్నట్టు, దానికీ పేను తగ్గడానికీ సంబంధం ఉన్నట్టు తేలింది. పచ్చి అరటికాయ, లేత జామ పిందె కొరికితే నోరు పట్టేసినట్టుంటుంది చూడండి, ఆ వగరు కుటుంబానిదే ఇది కూడా. పేను సూది దించేది ఎక్కువగా కాడలోనే కాబట్టి అక్కడ ఉండటమే ముఖ్యం. ఆకు రేకును నూరి పరీక్ష చేస్తే ఈ సంగతి దొరక్కపోవచ్చు.

పేను వాలిందని మొక్కకు తెలుస్తుందా?

తెలుస్తుందని చెప్పడానికి మంచి సాక్ష్యం లూసర్న్‌కు దగ్గరి చుట్టమైన మెడికాగో ట్రంకాటులా అనే మొక్కలో ఉంది. ఆస్ట్రేలియాలో దీన్ని పశువుల మేత కోసం పెంచుతారు. అక్కడి జెస్టర్ అనే రకంలో నీలి పచ్చ పేనును ఆపే ఒకే ఒక జన్యు స్థానాన్ని సీఎస్ఐఆర్ఓ అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005లో గుర్తించి ఏకేఆర్ అని పేరు పెట్టారు. జెస్టర్ మీద పేను నాళం దాకా వెళ్తుంది గానీ ఎక్కువసేపు తాగలేకపోతుంది. ముందొకసారి పేను పట్టిన మొక్క మీద రెండోసారి వచ్చిన పేను ఇంకా చిక్కిపోతుంది. అంటే మొక్క సిద్ధమవుతోంది. ఆ స్థానం చుట్టుపక్కల ఉన్నవి కూడా తెగుళ్లను పసిగట్టే కాపలా జన్యువుల కుటుంబానివే.

విద్యార్థులకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. అదే రకం కొమ్మను కోసి నీళ్లలో పెట్టి పేను వదిలితే అది బాగా బతికింది. బతికున్న పూర్తి మొక్కలోనే గుణం పనిచేసింది. కోసిన ఆకుల మీద పరీక్ష చేసి "నిరోధకత లేదు" అని రాసేసిన ప్రాజెక్టు రిపోర్టులు నేను రెండు మూడు చూశాను. పాపం, మొక్క తప్పేం లేదు.

## వారసత్వం, కొత్త రకాల తయారీ

ఒక్క జన్యువుతోనే పని జరిగిపోతుందా?

చాలా పప్పుజాతి మొక్కల్లో ఒకటి రెండు పెద్ద జన్యువులే పని చేస్తున్నాయి. కానీ అవి తర్వాతి తరానికి వెళ్లే తీరు పంటకో రకంగా ఉంటుంది. అలసందలో నైజీరియాలోని ఇబాదాన్‌లో ఉన్న ఐఐటీఏ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ సేకరణ నుంచి టీవీయూ 36, టీవీయూ 801, టీవీయూ 3000 లాంటి వరుసల్లో గుణం బయటపడింది. అక్కడ అది బహిర్గతం. ఒక్క కాపీ ఉన్నా మొక్క ఎదిరిస్తుంది. రెండో తరంలో నాలుగింట మూడు మొక్కలు నిలబడతాయి.

వేరుశనగలో ఐసీజీ 12991 అనే వరుసలో దీనికి తలకిందులు. అక్కడ గుణం అంతర్గతం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలు వస్తే తప్ప పైకి రాదు. మొదటి తరం మొక్కలన్నిటికీ పేను పడుతుంది. రెండో తరంలో నాలుగింట ఒక్కటే నిలుస్తుంది. ఇది తెలియక మొదటి తరం చూసి "క్రాస్ ఫెయిలైంది" అని పీకేస్తే బంగారం పారేసుకున్నట్టే. మంచి దిగుబడి రకంతో తిరిగి తిరిగి సంకరం చేయాల్సి వస్తే ప్రతిసారీ మధ్యలో ఒక తరం దానంతటదే గింజ కట్టనిచ్చి పరీక్షించాలి. ఏళ్లు పట్టేది అందుకే.

మన వేరుశనగ విత్తనం ఆఫ్రికాకు పనికొచ్చిందంటారు, నిజమా?

నిజమే. ఆఫ్రికాలో వేరుశనగకు రోసెట్ అనే వైరస్ జబ్బు ఉంది. 1907లో ఇప్పటి టాంజానియా ప్రాంతంలో దీన్ని మొదట నమోదు చేశారు. ఆకులు చిన్నవై, మొక్క గుబురుగా గిడసబారి, కాయ పట్టదు. 1975లో ఉత్తర నైజీరియాలో సుమారు 7 లక్షల హెక్టార్ల పంట దీనివల్ల పోయింది. దాన్ని మోసేది నల్లపేనే. మన దేశంలో పేను ఉంది గానీ ఆ జబ్బు లేదు.

ఐసీజీ 12991 దక్షిణ భారతంలో రైతుల దగ్గర ఉన్న నాటు రకం, గుత్తి వేరుశనగ, తక్కువ రోజుల పంట. 1988లో సేకరించారు. 1994లో హైదరాబాద్ దగ్గరున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ద్వారా ఆఫ్రికాలోని మలావీ చేరింది. 2001లో అక్కడ బాకా అన్న పేరుతో విడుదలైంది. తమాషా ఏమిటంటే ఈ రకానికి రోసెట్ వైరస్‌ను ఎదిరించే శక్తి లేదు. అంటుకట్టి వైరస్ ఎక్కిస్తే జబ్బు పడుతుంది. పేను నిలవదు కాబట్టి పొలంలో జబ్బు తగలడం బాగా తగ్గుతుంది. ఆ విత్తనాన్ని గాదెలో దాచుకుంటూ వచ్చిన మన రైతుకు మలావీ ఏ దిక్కున ఉందో కూడా తెలిసుండదు. నాటు విత్తనాలు ఎందుకు దాచాలని అడిగేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను.

నిరోధకత ఉందో లేదో ఎలా పరీక్షిస్తారు?

దోమతెర పంజరాల్లో ట్రేలు పెట్టి, సాళ్లలో విత్తనాలు వేస్తారు. మధ్యమధ్య బాగా పేను పట్టే రకాన్ని పోలిక కోసం తప్పనిసరిగా వేస్తారు. మొలకలు కాస్త ఎదిగాక మెత్తటి కుంచెతో ఒక్కో మొలకకు లెక్కపెట్టి నాలుగైదు పేలు వదులుతారు. పోలిక రకం మాడిపోయే సమయానికి మిగతావి ఎలా ఉన్నాయో చూసి మార్కులు వేస్తారు. చూడటానికి చిన్న పని. కుంచె గట్టిగా తగిలితే పేను సూది లోపలే విరుగుతుంది, ఆ పేను చస్తుంది, ఫలితం తప్పవుతుంది. కొత్తవాళ్లకు ఈ టెన్షన్ మొదటి నెలంతా ఉంటుంది.

మార్కర్ అంటే ఏమిటి? అది ఉంటే పేను పెంచక్కర్లేదా?

మార్కర్ అంటే జన్యువు ఇంటి పక్కనున్న గుర్తు లాంటిది. ఇల్లు కనిపించకపోయినా పక్కనున్న వేపచెట్టు కనిపిస్తే చిరునామా దొరికినట్టు. ఐసీజీ 12991లోని గుణానికి దగ్గరున్న గుర్తులను 2004లో ప్రచురించారు. అలసందలో ఐటీ97కే-556-6 అనే వరుసలో రెండు స్థానాలను 2015లో పట్టుకున్నారు. అంతర్గత గుణానికి మార్కర్ మరీ ఉపయోగం. పైకి కనిపించని కాపీ ఉన్న మొక్కను మొలక దశలోనే పట్టేస్తుంది. అయినా చివర్లో అసలు పేనుతో ఒక్కసారైనా పరీక్ష చేయాల్సిందే. చెట్టును చూసి పక్కింటికి వెళ్లిపోవడమూ ఉంటుంది మరి.

## పొలంలో

ఈ రకం వేస్తే మందు అసలు కొట్టక్కర్లేదా?

తగ్గుతుంది. సున్నా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉదయం పూట పది పదిహేను చోట్ల లేత కొమ్మలు తిప్పి చూడండి. పేను గుంపులు కట్టి, అక్షింతల పురుగులు కనిపించకపోతే 5 శాతం వేప గింజల కషాయంతో మొదలుపెట్టండి. అక్షింతల పురుగులు, వాటి మొసలి లాంటి పిల్లలు ఇప్పటికే తింటుంటే నాలుగు రోజులు ఆగండి. నిరోధక రకం మీద పేను నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఆ నాలుగు రోజులు మిత్రపురుగులకు సరిపోతాయి. మామూలు రకంలో ఆ వ్యవధి దొరకదు. అమెరికాలో సోయాకు మొక్కకు సగటున 250 పేలు చేరి, ఇంకా పెరుగుతుంటేనే మందు కొట్టమంటారు. అది వాళ్ల పంట, వాళ్ల పేను లెక్క. మన అలసందకు అదే అంకె పెట్టుకోకూడదు.

నిరోధక రకమే వేశాను, అయినా వైరస్ తెగులు వచ్చింది. విత్తనం మోసమా?

తొందరపడి దుకాణం మీదికి వెళ్లకండి. ముందు ఆ వైరస్‌ను మోసింది పేనేనా అని చూడాలి. మినుము, పెసరలో పల్లాకు తెగులును మోసేది తెల్లదోమ. 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు వైరస్ తెగులు తామర పురుగుల వల్ల, వయ్యారిభామ పుప్పొడి వల్ల వ్యాపించింది. వీటికీ పేనుబంకను ఎదిరించే గుణానికీ సంబంధం లేదు.

రెండోది, పేను మోసే వైరస్‌లలోనూ రెండు తీర్లున్నాయి. రోసెట్ లాంటివి అంటాలంటే పేను నాళం దాకా సూది దించి చాలాసేపు తాగాలి. అక్కడ నిరోధక గుణం బాగా కాపాడుతుంది. మొజాయిక్ రకం వైరస్‌లు చాలావరకు పేను ఆకును ఒక్కసారి రుచి చూసేలోపే, కొన్ని సెకన్లలో, అంటుకుంటాయి. మొక్క నచ్చక లేచిపోయే పేను నాలుగు మొక్కలు ఎక్కువే రుచి చూస్తుంది. అలాంటప్పుడు లాభం ఉండకపోవచ్చు, ఒక్కోసారి కాస్త నష్టమే కావచ్చు.

ఈ గుణం కొన్నేళ్లకు పోతుందా?

మొక్కలో పోదు. పేను మారుతుంది. అమెరికాలో సోయా పేను 2000లో మొదటిసారి కనిపించింది. నాలుగేళ్లలోనే డౌలింగ్ అనే పాత రకంలో దాన్ని ఆపే గుణం దొరికింది, దానికి కారణమైన జన్యువుకు తర్వాత ఆర్ఏజీ1 అని పేరు పెట్టారు. ఆ జన్యువున్న విత్తనం ఇంకా మార్కెట్‌లోకి రాకముందే, దాన్ని లెక్కచేయని పేను ఒహాయోలో బయటపడింది. రెండో జన్యువు ఆర్ఏజీ2ను ఓడించే పేను, తర్వాత రెంటినీ ఓడించే పేను కూడా కనిపించాయి. అంతకు ముందు 1950ల్లో లూసర్న్‌లోనూ ఇదే జరిగింది. చుక్కల పేనును ఆపడానికి నెవాడాలో మోపా అనే రకం తెస్తే, కొన్నేళ్లకే దాని మీద బతికే పేలు వచ్చాయి. నా ఉద్దేశంలో ఒక్క జన్యువున్న రకాన్ని జిల్లా అంతా ఒకేసారి వేయించడం తెలివైన పని కాదు. రెండు మూడు జన్యువులు కలిపిన రకాలు, మధ్యలో కొంత మామూలు రకం, మిత్రపురుగులు ఉంటే గుణం ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒక దేశంలో నిలబడిన రకం ఇక్కడ నిలబడుతుందా?

వేసి చూడాలి. ఒక ప్రాంతపు పేనును ఆపిన అలసంద వరుస మరో ప్రాంతంలో పేను బారిన పడిన సందర్భాలున్నాయి. పేరొకటే అయినా పేను ఒకటి కాదు.

సొంత విత్తనం దాచుకుంటే గుణం తగ్గుతుందా?

వేరుశనగ, అలసంద, మినుము, సోయా చాలావరకు తమ పుప్పొడితోనే గింజ కడతాయి. కాబట్టి శుద్ధమైన రకమైతే గుణం అలాగే వస్తుంది. తగ్గినట్టు అనిపిస్తే ఎక్కువసార్లు కారణం కల్లంలో వేరే గింజ కలవడమే. లూసర్న్ సంగతి వేరు, దానికి తేనెటీగలు పరపరాగ సంపర్కం చేస్తాయి, దాచిన విత్తనంలో గుణం చెదిరిపోతుంది.

దిగుబడి తగ్గుతుందేమో కదా?

జన్యువు వల్ల కాదు గానీ, దానితో పాటు నాటు రకం నుంచి చిన్న గింజ, ఆలస్యపు కాపు లాంటివి అంటుకుని రావొచ్చు. సంకరాలు చేసి వాటిని వదిలించుకోవడమే బ్రీడర్ (కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త) అసలు పని. గింజ సైజు చూసి, మీ ఊళ్లో ఒక సీజన్ కొద్ది జాగాలో వేసుకున్నాకే ఎకరాలకు వెళ్లండి.

మా చేనంతా పేను పట్టింది, ఒక్క మొక్కకు మాత్రం పట్టలేదు. దాని గింజ దాచనా?

దాచండి, కానీ అప్పుడే సంబరపడకండి. పేను ఎక్కడ వాలుతుందన్నది గాలివాటం. ఆ మొక్కను అసలు చూడకపోయి ఉండొచ్చు, అక్షింతల పురుగు ముందే తినేసి ఉండొచ్చు, మొక్క ముదిరి లేత చిగురు లేకపోయి ఉండొచ్చు. మా పెరట్లో ఒక అలసంద పాదు రెండేళ్లు శుభ్రంగా ఉంటే నేనూ పొంగిపోయాను. మూడో ఏడు కుండీలో వేసి పేను వదిలితే పది రోజుల్లో నల్లబడింది.

గింజలను విడిగా, కాగితం కవర్లో గుర్తు రాసి ఉంచండి. వచ్చే సీజన్‌లో ఐదారు కుండీల్లో అవి, ఐదారు కుండీల్లో పేను పట్టిన మొక్క గింజలు వేసి, ఒకే రోజు సమానంగా పేలు వదిలి, పైన దోమతెర కప్పండి. రెండు వారాల తర్వాత కూడా తేడా కనిపిస్తే మళ్లీ ఒకసారి చేయండి. అప్పుడూ నిలబడితే మీ దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో వ్యవసాయ పరిశోధన స్థానానికో గుప్పెడు గింజలు ఇవ్వండి, గుప్పెడు మీ దగ్గరే ఉంచుకోండి.